హాజరు

వరంగల్ బస్టాండ్ల పొద్దుగాల ఐదింటికి
ఉట్నూరు బోర్డు పెట్టుకుంట
డ్రైవర్ సమ్మయ్య అడుగుతడు:
"ఇయ్యాల మీ గుట్టోళ్లయి ఎన్ని మూటలే?"
సంచిల చెయ్యి పెట్టి చూస్త.
లక్సెట్టిపేటల ఇయ్యాల్సిన షుగర్ గోలీలు,
జన్నారంల చెప్పాల్సిన మాట ఒకటి,
తడవకుంట పాలిథిన్ల చుట్టిన పెండ్లి కార్డు.

టికెట్ మిషిన్ డిపోది.
దాని కింద నోట్‌బుక్ నాది.
నలభై రెండు పేర్లు పెన్నుతోని,
ఫోన్ నంబర్లు పెన్సిల్‌తోని.
మావోళ్లకు సిమ్ములు నిలువయి.
అప్పులోడు ఫోన్ చేస్తే కొత్తది,
టవర్ అందకుంటే ఇంకోటి.
నాలుగు చోట్ల రబ్బరు రుద్ది రుద్ది
కాయితమే చినిగింది.

గుట్ట మీది బడికి గంట లేకుండె,
ఇప్పకొమ్మకు ఏలాడేసిన రైలుపట్టా ముక్క.
రాడ్డుతోని కొడితే
లోయల మేకలు గూడ తలెత్తేటియి.
చలికాలం ఇద్దరికొక దుప్పటి.
నా పక్కపొంటి పండేటోడు సిడాం భీంరావు,
నిద్రల కాళ్లతోని బర్రెల్ని తోలేటోడు.

వార్డెన్ సారుకు మా పేర్లు నోరు తిరుగక
ఆత్రం జంగుబాయిని జంగమ్మ అని రాసిండు.
ఆ పేరుకు ఆమె ఐదేండ్లు పలకలే.
ముంగట్నే నిలవడి
దినాం గైర్హాజర్.
ఇప్పుడు అంగన్‌వాడీ సూపర్‌వైజర్.
మంగళారం ఇందన్‌పల్లి కాడ ఎక్కుతది,
ఆధార్ కార్డు తీసి చూపిస్తది, నాకు!
జీరో టికెట్ కొట్టుకుంట
"ఆత్రం జంగుబాయి" అంట, పెద్దగ.
"ఉన్న సార్" అంటది.
బస్సంత మలిగి చూస్తది.

ఈ నోట్‌బుక్ ముందుగాల లేదు.

భీంరావు ఎంజీఎంల తొమ్మిది దినాలుండెనట.
ఆ తొమ్మిది దినాలల్ల నా బస్సు
తొమ్మిది సార్లు ఆ గేటు ముంగట ఆగింది.
మందుల సంచులతోని మనుషులెక్కిండ్రు.
చిల్లర లేదని ఒకామె మీద కోపం చేసిన.
ఆమె భీంరావు పెండ్లామో, కాదో,
ఇప్పటికీ తెల్వదు.
పదకొండో దినం దాటినంక
కుమ్ర జైతు అరటిపండ్ల బండి కాడ చెప్పిండు,
"నీకు తెలుసనుకున్న" అని.
అందరం అట్లనే అనుకున్నం,
ఒకల సంగతి ఇంకొకలకు తెలుసని.

ఇరవై ఐదేండ్లయిందని ఒగలిద్దరు లేశి
హన్మకొండల ఫంక్షన్ హాల్ అన్నరు, శాలువాలన్నరు.
జంగుబాయి ఒక్కటే అడిగింది:
"ఆ దినం కైకిలి ఎవలిస్తరు, కూలికి పోయేటోళ్లకు?"
హాల్ ముచ్చట మళ్ల రాలే.
బస్సే నడుస్తున్నది.
రాయపట్నం వంతెన మీద
ఒక సొరకాయ ఇటు వస్తది,
ఒక పాత స్వెటర్ అటు పోతది.

పదిహేడో నంబర్ ఎదురుంగ ఏం లేదు.
టేకం సోనేరావు.
తొమ్మిదో తరగతిల ఒక రాత్రి
పళ్లెం పట్టుకొని గుట్ట దిగిపోయిండు.
దుప్పటి నడుమకు కోసి
సగం తీస్కపోయిండు,
సగం పక్కనున్న జైతు మీద కప్పిండు.
చంద్రాపూర్ బొగ్గుల ఉన్నడని ఒకలు,
సూరత్‌ల చూసినమని ఒకలు.
జైతు ఏమనడు.

మొన్న ఘాట్ రోడ్డు మలుపు కాడ
చెకింగోళ్లు ఎక్కిండ్రు.
తలలు లెక్కవెట్టిండ్రు, మళ్ల లెక్కవెట్టిండ్రు.
"ముప్పై ఎనిమిది మంది, ముప్పై తొమ్మిది టికెట్లు.
ఇదెవలిది?"
నా జేబుల పైసలే సార్, అన్న.
తక్కువైతే మెమో ఉంటది,
ఎక్కువైతే ఏముంటదో ఆయనకు యాదికి రాలే.
సమ్మయ్య ఇంజిన్ బందు చేసిండు.
"సరే, ఏ స్టేజీల ఎక్కుతడు?" అన్నడు సారు.

రూట్ షీటు చేతిల పట్టుకొని
మొదటికెళ్లి సదువవట్టిన.
వరంగల్.
హన్మకొండ.
ఎల్కతుర్తి.
హుజూరాబాద్.